అవ్వ చెప్పింది అవ్వ మాటల్లోనే

గుడియాత్తంలో ఎనభై దాటిన ఒక అవ్వను "మీరు ఏ సంవత్సరంలో బడి మానేశారు?" అని అడిగితే చాలాసార్లు జవాబు రాదు. "ఏమో నాయనా, ఎవరికి గుర్తు" అని మాట దాటేస్తుంది. అదే సంగతి "కామరాజు మన ఊళ్లో ఓట్లకు నిలబడ్డాడే, అప్పుడు మీరు బడికి పోతుండినారా?" అని అడిగితే మాట వేరేగా నడుస్తుంది. 1954 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యేనాటికి కామరాజ్ శాసనసభ సభ్యుడు కాదు. ఆ ఏడే గుడియాత్తం ఉప ఎన్నికలో గెలిచి సభలో అడుగుపెట్టారు. ఆ సందడి చూసిన పిల్లలే ఇప్పుడు ఎనభైలకు అటూ ఇటూ ఉన్న అవ్వలూ తాతలూ. "అప్పటికే బడి మానిపించి కండెలు చుట్టను పెట్టేసినారు" అని ఆమె ఒక్క మాట అన్నదంటే అందులో ఒక తేదీ దొరికింది, ఆడపిల్ల చదువు ఎక్కడ ఆగిందో తెలిసింది, నేత ఇంట్లో పిల్లలు ఎన్నో ఏట పనిలోకి దిగేవారో తెలిసింది. ఇవన్నీ ఏ బడి రిజిస్టరులోనూ ఒకచోట దొరకవు.

విద్యార్థులు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల బతుకు కథ రాయడం అంటే ఇలాంటి మాటల్ని పట్టుకోవడం. వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో కళాశాలలకు కొదవ లేదు, పెద్దవాళ్లకూ కొదవ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో అరవై దాటినవాళ్లు నూటికి పదిమందికి పైనే. పెద్ద రాష్ట్రాల్లో కేరళ తర్వాత వయసు మళ్లినవాళ్ల వాటా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. పిల్లలనూ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టడం కష్టం కాదు. కూర్చున్నాక ఏం చేయాలో తెలియకపోతేనే ఆ పని మొక్కుబడిగా ముగుస్తుంది. అందుకే దీన్ని కాస్త ఓపిగ్గా విప్పి చెప్పాలి.

ముందుగా ఒక మాట. పెద్దలు చెప్పగా కుర్రవాళ్లు రాసుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కర్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల్లో ఒకడైన బొర్రయ్య ఏలూరు కుర్రవాడు. 1776లో పుట్టాడు, ఇరవై ఏళ్ల ప్రాయంలో మెకంజీ దగ్గర చేరాడు, 1803లోనే చనిపోయాడు. ఆ కొద్ది కాలంలో అతనూ, అతని తర్వాత తమ్ముడు లక్ష్మయ్యా, వాళ్లు తీర్చిదిద్దిన గుమస్తాలూ దక్షిణాదిలో ఊరూరా తిరిగి కరణాలనూ పూజారులనూ ఊరి పెద్దలనూ అడిగి రాయించుకున్నవే కైఫీయతులు. ఈనాడు ఎన్నో తెలుగు ఊళ్ల చరిత్రకు మొదటి ఆధారం అవే. వాటిని తిరగేస్తే ఒక లోటు కూడా కనిపిస్తుంది. వాళ్లు అడిగింది లెక్కలూ అధికారమూ చేతిలో ఉన్నవాళ్లను. ఆ ఊరికి బావి తవ్వినవాళ్లను, నాటు వేసినవాళ్లను, చెప్పులు కుట్టినవాళ్లను, మంత్రసానిని ఎవరూ అడగలేదు. ఆ కాగితాల్లో రాజులు ఉన్నారు, దేవాలయాలు ఉన్నాయి, మాన్యాలు ఉన్నాయి. ఒక సామాన్య స్త్రీ బతుకు వెతికినా దొరకడం కష్టం.

ఆ లోటు పూడ్చడానికి తెలుగులో జరిగిన పెద్ద ప్రయత్నం 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు టేపుల మీద రికార్డు చేసి, ఆ మాటల తీరు చెడకుండా పుస్తకం వేశారు. పోరాట నాయకులు రాసుకున్న చరిత్రల్లో లేనివి అందులో కనిపించాయి: అడవిలో కాన్పు, బిడ్డను ఎవరికో అప్పగించి రావడం, పోరాటం ఆగిపోయాక ఇంటికి తిరిగొచ్చిన ఆడమనిషిని ఊరు చూసిన చూపు. తెలుగులో మౌఖిక చరిత్ర మొదలుపెట్టే విద్యార్థి ఎవరైనా ముందు చదవాల్సిన పుస్తకం ఇదేనని నా గట్టి నమ్మకం.

విద్యార్థులే చేసిన పనికి ఉదాహరణ కావాలంటే అమెరికాకు వెళ్లాలి. జార్జియా రాష్ట్రంలోని రేబన్ కౌంటీ కొండప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాల పిల్లలు 1966లో 'ఫాక్స్‌ఫైర్' అనే పత్రిక పని మొదలుపెట్టారు. తమ ఊరి ముసలివాళ్లను అడిగి దుంగల ఇల్లు కట్టడం, పందిని కోసి మాంసం నిలవచేయడం, నాటు మందులు, వాతావరణం గుర్తులు రాసుకున్నారు. 1972లో అవి పుస్తకంగా వస్తే దేశమంతా కొని చదివింది. ఆ పిల్లలు ఎక్కువగా అడిగింది చేతిపనుల గురించే. మామూలు మనిషికి తన గురించి చెప్పమంటే బెరుకు, తన పని గురించి చెప్పమంటే హుషారు. ఆ కిటుకు మనకు ఎంతైనా పనికొస్తుంది.

ఇక మన వేలూరు సంగతి. ఇక్కడ విద్యార్థులు పల్లెల్లో ఇల్లిల్లూ తిరగడం కొత్త కాదు. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం సీఎంసీ అనే వైద్య కళాశాలగా, ఆసుపత్రిగా పెరిగింది. అక్కడి వైద్య విద్యార్థులు చదువు తొలినాళ్లలోనే కొన్నాళ్లు పల్లెలో ఉండి కుటుంబాల వివరాలు సేకరించే పద్ధతి చాలాకాలంగా ఉంది. వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో కె.వి.కుప్పం దగ్గర అదే సంస్థకు చెందిన 'రుహ్సా' 1977 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో పనిచేస్తోంది. ఈమధ్య దేశంలోని ఎంబీబీఎస్ విద్యార్థులందరికీ కుటుంబాలను దత్తత తీసుకుని వెళ్లి చూసే కార్యక్రమం కూడా వచ్చింది. అంటే గుమ్మం దాటి లోపలికి వెళ్లే అలవాటు ఇక్కడి పిల్లలకు ఉంది.

కానీ సర్వే వేరు, బతుకు కథ వేరు. సర్వేలో ప్రశ్న విద్యార్థిది, గళ్లు విద్యార్థివి. పెద్దాయన చేయాల్సింది గళ్లలో పట్టే జవాబు ఇవ్వడమే. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, బీపీ ఉందా. బతుకు కథలో దారి చెప్పేవాళ్లది. ఆయన బీపీ గురించి అడిగితే 1970లలో పోయిన ఎద్దు గురించి చెప్పొచ్చు. సర్వే చేసేవాడికి అది అడ్డం. కథ రాసేవాడికి అదే అసలు సరుకు, ఎందుకంటే ఆ ఎద్దు పోయాకే ఆయన భూమి అమ్మి తోలు షాపులో కూలికి చేరి ఉండొచ్చు.

వినడం వల్ల వినేవాళ్లలో ఏం మారుతుందో చెప్పడానికి వేలూరు చరిత్రలోనే ఒక తెలుగు పేరు ఉంది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్లిన దుర్గాబాయి వేలూరు జైల్లో ఉన్నప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు దాటాయంతే. తోటి స్త్రీ ఖైదీల్లో చాలామందికి అక్షరం ముక్క రాదు. తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలియనివాళ్లున్నారు. వాళ్ల కథలు వింటూ గడపడం తన తర్వాతి దారిని మార్చిందని ఆమె చెప్పుకున్నారు. ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి న్యాయవాది అయ్యారు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టారు.

ఈ ప్రాంతంలో ఈ పనికి ఉన్న అసలు చిక్కు భాష. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా అయ్యాక వేలూరు ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణమైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ఆంధ్రలోకి మారాయి. గీతలు మారినా మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. గుడియాత్తం మధ్యగా పారే కౌండిన్య నది పలమనేరు వైపు నుంచే దిగి వస్తుంది. పెళ్లి సంబంధాలూ ఆ దారినే వస్తాయి. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు, జనాభాలో 5.87 శాతం. వాళ్ల ఇళ్లలో అవ్వలు తెలుగులో తిడతారు, తెలుగులో ఏడుస్తారు, తెలుగులో కథ చెబుతారు. మనవలకు ఆ మాట అర్థమవుతుంది, తిరిగి జవాబూ చెప్పగలరు. రాయడం మాత్రం రాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం బడుల్లో తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేశాక, తెలుగు అక్షరం నేర్చుకునే పిల్లలు మరీ తగ్గిపోయారు.

అలాంటప్పుడు గుడియాత్తం కళాశాలలో చదివే ఒక తెలుగింటి అమ్మాయి తన అవ్వ కథ ఏ భాషలో రాయాలి? సాధారణంగా జరిగేది ఒకటే. అవ్వ తెలుగులో చెబుతుంది, అమ్మాయి మనసులోనే తమిళంలోకి మార్చుకుంటుంది, ఉపాధ్యాయుడికి ఇవ్వాలి కాబట్టి ఇంగ్లీషులో రాస్తుంది. మూడో మెట్టు దిగేసరికి అవ్వ మిగలదు. "పదేళ్లకే రాట్నం ముందర కూచోబెట్టినారు, కాళ్లు తిమ్మిరెక్కితే లేచి నిలబడితే మా నాయన ఉరిమి చూసేవాడు" అని ఆమె అన్నదనుకోండి. కాగితం మీదికి వచ్చేసరికి అది "బాల్యంలోనే వృత్తిలో ప్రవేశించి అనేక కష్టాలను అనుభవించారు" అవుతుంది. ఈ రెండో వాక్యం ఎవరి గురించైనా రాయొచ్చు. అది ఎవరి కథా కాదు.

నా సలహా సూటిగా చెబుతాను. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే అవ్వ తెలుగు రాయండి. సిగ్గుపడాల్సిన పని లేదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం; ట, డ లకూ, ప, బ లకూ అంతే. 'గాలి' అని రాసినా 'కాలి' అని రాసినా ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి ఫోన్‌లో రికార్డు తప్పకుండా చేసి దాచాలి. రాత తడబడిన చోట గొంతు దారి చూపిస్తుంది. తర్వాత తెలుగు చదవడం వచ్చినవాళ్లెవరైనా, పక్కనున్న చిత్తూరు జిల్లా విద్యార్థులే అయినా, విని తెలుగు లిపిలోకి ఎక్కించవచ్చు. రెండు రాష్ట్రాల కళాశాలలు కలిసి చేయగల పని ఇది. ఇంగ్లీషు, తమిళ అనువాదాలు ఆ తర్వాత ఎన్నైనా చేసుకోవచ్చు.

తెలుగువాళ్ల జ్ఞాపకం తమిళ అక్షరాల్లో బతకడానికి గొప్ప సాక్ష్యం కి.రాజనారాయణన్. 1923లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. తెలుగు సీమ నుంచి తమ పూర్వీకులు వలస వచ్చిన కథ పెద్దవాళ్ల నోట విని 'గోపల్ల గ్రామం' అనే నవలగా తమిళంలో రాశారు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఊరి జనం మాట్లాడే మాటను అలాగే పుస్తకంలోకి తెచ్చిన మనిషిగా తమిళులు ఆయన్ను ఇప్పటికీ తలచుకుంటారు. ఇటు తెలుగులో స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాట్ సరస్సు దీవుల తెలుగును ఆ యాసతోనే కాగితం మీద పెట్టాయి. యాసను దిద్దకపోవడం వల్లే ఆ రచనలు నిలబడ్డాయి.

ఇక అడిగే పద్ధతి. "మీ జీవితం గురించి చెప్పండి" అని మొదలుపెట్టకూడదు. ఆ ప్రశ్న ఎంత పెద్దదంటే ఎవరికైనా నోరు మూతపడుతుంది. చేతిలో పనితో మొదలుపెట్టాలి. గుడియాత్తంలో లుంగీలు నేసిన పెద్దాయన అయితే గుంటమగ్గం ఇంట్లో ఏ మూల ఉండేది, పడుగు ఎవరు పట్టేవారు, గంజి ఎవరు కాచేవారు, నూలు ఎవరిచ్చేవారు, కూలి గజానికా పీసుకా, వానాకాలంలో గుంటలోకి నీళ్లొస్తే ఏం చేసేవారు అని అడగాలి. బీడీలు చుట్టిన అవ్వ అయితే ఆకు తడపడం దగ్గర మొదలుపెట్టి, వెయ్యి బీడీలకు ఏ కాలంలో ఎంతిచ్చారో, సరిగా లేవని ఎన్ని తీసి పారేసేవారో, ఆ పారేసినవాటికి కూలి ఎవరు నష్టపోయారో అడగాలి. అగ్గిపెట్టెల పనిలో పెరిగినవాళ్లు, పేరణాంబట్టు, ఆంబూరు తోలు షాపుల్లో పనిచేసినవాళ్లు, రైల్వేలో గ్యాంగ్‌మన్లు, సీఎంసీలో ఆయాలుగా రిటైరైనవాళ్లు, వీళ్లందరి పనికీ ఒక్కో పరిభాష ఉంది. ఆ మాటలు విద్యార్థికి తెలియవు కాబట్టి అడుగుతాడు, పెద్దాయన నేర్పుతాడు. గురుశిష్యుల స్థానం అక్కడ సరిగ్గా కుదురుతుంది.

తేదీల కోసం ఊరి గుర్తులు వాడాలి. అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. డీఎంకే మొదటిసారి గెలిచింది 1967లో. వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడి వందల ఏళ్లు మూలవిరాట్టు లేకుండా ఉండి, సత్తువాచ్చారిలో ఉన్న లింగాన్ని తిరిగి ప్రతిష్ఠించింది 1981 మార్చిలో. యాభై దాటిన వేలూరు మనిషి ఎవరినైనా "గుళ్లో సామి లేనప్పుడు కోటలోకి పోయినారా?" అని అడగండి, చిన్నప్పుడు అక్కడ ఆడుకున్నవాళ్లు కూడా తగలవచ్చు. ఇంకా వయసైనవాళ్లు తెలుగు సంవత్సరాల పేర్లు చెబుతారు. విజయ అంటే 1953-54, అరవై ఏళ్లకు మళ్లీ 2013-14. పంచాంగం ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు. 'ధాతు కరువు' అని ఎవరైనా అంటే అది వాళ్లు చూసింది కాదు, 1876-78 నాటిది, తాతముత్తాతల నుంచి విన్నది. ఈ జిల్లా ఆ కరువులో బాగా నలిగింది. విన్నదీ చూసిందీ వేరువేరుగా గుర్తు పెట్టుకుని రాయాలి.

పాలారు గురించి అడగకుండా వేలూరులో ఏ కథా పూర్తి కాదు. నది పైన ఇసుకే కనిపించినా లోపల నీళ్లు పారేవి. ఊట కాలువలు తవ్వి ఆ నీటిని పొలాలకూ చెరువులకూ పారించేవారు. చెలమ తీసి తాగినవాళ్లు ఇంకా ఉన్నారు. తోలు పరిశ్రమ మురుగు నేలలోకి దిగాక ఆ నీళ్ల రుచి ఎప్పుడు మారిందో, బావి ఏ ఏడు వదిలేశారో, కొబ్బరిచెట్టు ఎలా మాడిందో వాళ్లకు తెలుసు. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశంలోని పర్యావరణ న్యాయానికే ఒక మైలురాయి, లా కళాశాలల్లో పాఠం. ఆ తీర్పు వెనకున్న బావుల కథ మాత్రం ఆ బావుల యజమానులు, కూలీల నోట్లోనే ఉంది. పర్యావరణ శాస్త్రం చదివే విద్యార్థులు ఈ పనికి ఎందుకు రావాలో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

"ముసలివాళ్లు మరిచిపోతారు, కలిపి చెబుతారు, వాళ్ల మాట చరిత్ర ఎలా అవుతుంది?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మనిషికి పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవి మిగతా కాలం కంటే బాగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. నిన్న ఏం తిన్నదో చెప్పలేని అవ్వ పెళ్లినాటి చీర అంచు చెప్పడం అందుకే. అయినా తేదీలు తారుమారవుతాయి. ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి తెర్ని అనే ఉక్కు పట్టణంలో ఇదే గమనించాడు. లుయిజీ త్రస్తుల్లి అనే కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయింది 1949లో, నాటో కూటమికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో. పట్టణంలో చాలామంది మాత్రం అది 1953లో, వేలమందిని పనిలోంచి తీసేసినప్పుడు జరిగిన పోరాటంలో అని చెప్పారు. పోర్తెల్లి వాళ్లను తప్పుపట్టలేదు. ఎందుకు అలా మార్చి గుర్తుపెట్టుకున్నారని అడిగాడు. ఉద్యోగాలు పోవడమే ఆ పట్టణానికి అసలు గాయం. తమ మనిషి చావుకు తగినంత పెద్ద కారణం వాళ్లకు అక్కడే దొరికింది.

మన దగ్గర ఇలాంటి మాటే ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఢిల్లీలో ఎగరేసిన జాతీయ జెండా గుడ్డ తమ ఊళ్లోనే తయారైందని గుడియాత్తంలో గర్వంగా చెప్పుకుంటారు. విద్యార్థి దాన్ని నిజమని రాసేయకూడదు, కట్టుకథ అని కొట్టేయకూడదు కూడా. మీకు ఎవరు చెప్పారు, మీ ఇంట్లో ఎవరైనా ఆ పనిలో ఉన్నారా, నూలు ఎక్కడిది, రంగు ఎవరు వేశారు, కూలి ఎంత అని అడగాలి. జవాబులు వచ్చినవి వచ్చినట్టు రాసి, తేదీలూ కాగితాలూ దొరికితే పక్కన పెట్టాలి. చెప్పినవాళ్ల మాట ఒక వరసలో, తాను సరిచూసింది ఇంకో వరసలో. రెండూ కలిపేస్తే రెండూ చెడతాయి.

ఇంటికి వచ్చి రాసేటప్పుడు విద్యార్థులు పడే పెద్ద గోతి అలంకారం. మంచి మార్కుల కోసం మంచి తెలుగో మంచి ఇంగ్లీషో రాయాలనిపిస్తుంది. 'అష్టకష్టాలు', 'చెక్కుచెదరని ఆత్మస్థైర్యం' లాంటివి వచ్చి కూర్చుంటాయి. వాటిని తీసేయాలి. అవ్వ నవ్వితే నవ్వింది అని రాయాలి. ఏదో చెప్పబోయి ఆపేస్తే ఆపేసింది అని రాయాలి. ఎందుకు ఆపిందో తెలిసినట్టు ఊహించి రాయకూడదు. ఆమె అనని మాట ఒక్కటి కూడా ఆమె నోట పెట్టకూడదు. రాసింది ఆమెకు చదివి వినిపించడం అన్నింటికంటే ముఖ్యం. చదువుతుంటేనే "అట్ల కాదు, అది మా చిన్నాయన" అని దిద్దుతుంది, మరిచిపోయింది గుర్తొస్తుంది, "ఇది మాత్రం తీసేయి బిడ్డా" అంటుంది. తీసేయమన్నది తీసేయాలి. ఎంత గొప్ప సంగతైనా సరే.

ఈ తీసేసే విషయం కొంచెం వివరించాలి. ఒక ఊళ్లో బతుకు కథ అంటే ఒక్కరి కథ కాదు. అందులో కోడలుంది, దాయాదుల భూమి తగాదా ఉంది, లేచిపోయిన చెల్లెలుంది. కులం ఉంది: ఎవరి బావిలో ఎవరు నీళ్లు తోడుకోకూడదో, ఎవరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడవాలో. ఆ అవమానం మోసినవాళ్లు చెబుతుంటే వెనకాముందాడకుండా రాయాలి. కైఫీయతుల్లో ఎక్కనిది అదే. పేర్లు మాత్రం చెప్పినవాళ్ల ఇష్టం మీద, వాళ్ల క్షేమం చూసుకుని మార్చాలి. కొడుకూ కోడలూ చుట్టూ ఉండగా ఆడవాళ్లు సగమే చెబుతారు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆడపిల్లలు వెళ్లి అడిగితే తక్కిన సగం వస్తుంది. ఫోన్ రికార్డింగును వాట్సాప్ గుంపుల్లో పెట్టడం నమ్మకద్రోహమే. "ఇది ఎవరెవరు చదవొచ్చు?" అని మొదట్లో ఒకసారి, అంతా అయ్యాక ఇంకోసారి అడగాలి. కథ చెప్పాక మనిషికి మనసు మారే హక్కు ఉంది.

బాధ తవ్వి తీస్తున్నామేమో అన్న భయం కొందరు పిల్లలకు ఉంటుంది. అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఒక వ్యాసం రాశాడు. ముసలివాళ్లు పాత రోజులు తలుచుకోవడాన్ని అప్పటిదాకా మతి చెదరడానికి గుర్తుగా చూసేవారు. ఆ వయసులో మనిషి తన బతుకును తాను తిరిగి చూసుకోవడం సహజమని, అవసరమని బట్లర్ వాదించాడు. తర్వాత వృద్ధుల సంరక్షణలో ఆ ఆలోచన స్థిరపడింది. వినేవాళ్లు ఉంటే ఆ తిరిగి చూసుకోవడం సులువవుతుంది. అయితే ఏడుపు వచ్చినప్పుడు ప్రశ్న ఆపి, నీళ్లిచ్చి, పక్కన కూర్చోవడం తెలియాలి. ఒక్కరోజులో అంతా రాబట్టాలన్న తొందర ఉన్నవాళ్లకు ఇది చేతకాదు. కనీసం రెండు మూడు సార్లు వెళ్లాలి. మొదటిసారి ఏమీ రాయకుండా కాఫీ తాగి వచ్చినా నష్టం లేదు.

రాసినవి ఏమవుతాయి? కళాశాల బీరువాలో ప్రాజెక్టు ఫైలుగా పడుంటే చెదలు తింటాయి. మొదటి ప్రతి చెప్పినవాళ్లకు చేరాలి, పెద్ద అక్షరాల్లో, వాళ్ల ఫొటోతో. చదవడం రాకపోయినా ఇంట్లో పెట్టుకుంటారు, వచ్చినవాళ్లకు చూపిస్తారు. రెండోది కళాశాల గ్రంథాలయంలో, పేరూ ఊరూ పనీ బట్టి వెతకడానికి వీలుగా ఉండాలి. తెలుగులో చెప్పిన కథలైతే ఇంకో ప్రతి, రికార్డింగుతో సహా, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి పంపడం బాగుంటుంది. ద్రావిడ భాషలన్నింటి కోసం 1997లో పెట్టిన సంస్థ అది. మన సరిహద్దు పక్కనే ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టదగ్గవి ఉంటే, పి.సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' అనే వెబ్‌సైటు విద్యార్థుల రచనలను తీసుకుంటుంది, తెలుగులోనూ తమిళంలోనూ ప్రచురిస్తుంది.

వేలూరు, గుడియాత్తం కళాశాలల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. జాతీయ సేవా పథకంలో చేరిన ప్రతి విద్యార్థీ ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల శిబిరానికి వెళ్లాలి. రోడ్లు ఊడ్చడం, మొక్కలు నాటడం మంచి పనులే, అవి సాగనివ్వండి. ఆ ఏడు రోజుల్లో రోజుకు రెండు గంటలు, మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా, పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఆ ఊరి పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. తెలుగు వచ్చిన పిల్లల్ని తెలుగు ఇళ్లకు, ఉర్దూ వచ్చినవాళ్లను ఉర్దూ ఇళ్లకు పంపండి. మార్కులు భాషకు వేయకండి, చెప్పినవాళ్లకు చదివి వినిపించారా లేదా అన్నదానికి వేయండి. 1954 చూసినవాళ్లతో మొదలుపెట్టండి. వాళ్ల కోసం వచ్చే ఏడు దాకా ఆగకండి.